మావయ్య రిపోర్టులో ఖాళీ గడి

వజ్రపుకొత్తూరు

అమ్మా ప్రియా,

నీ మేనమామ జక్కయ్య ప్రభువు పేరట దీవించి రాసేది. విశాఖ నుంచి మీ ఆఫీసువాళ్లు వచ్చి, మన ఊళ్లో కిడ్నీల క్యాంపు పెట్టి, మూత్రం సీసాలు పట్టుకెళ్లారు కదా. రిపోర్టు వచ్చింది. ప్రొటీన్లన్నిటికీ అంకెలు వేసి, నా కాగితంలో ఒక గడి మాత్రం ఖాళీగా వదిలేశారు. పక్కింటి పోలారావు కాగితం నిండుగా ఉంది. సంఘపెద్దనై ఉండి వీధిలో అతని ముందు నాకిదేం చిన్నతనం? ఆ లెక్కలన్నీ నీ చేతి మీదే జరుగుతాయని మేమంతా గర్వపడుతున్నాం. ఆ ఒక్క గడీ నింపి పంపు. సీసా నంబరు వెనకాల రాశాను.

నీ మేలు కోరే మావయ్య

తా.క. ఫోన్ చెయ్యకు. కాగితం మీదైతే చర్చిలో చూపించుకోవచ్చు.

విశాఖపట్నం

మావయ్యకి వందనాలు.

ఖాళీ అంటే మేం పని ఎగ్గొట్టామని కాదు. ఒక్కోసారి ఆ ప్రొటీను మిషనుకి అందనంత తక్కువ ఉంటుంది. ఒక్కోసారి సీసాలోనే తేడా ఉంటుంది. కారణం తేలేదాకా సున్నా వెయ్యకూడదు. నీ వయసువాళ్లు, మిగతా అంకెల్లో నీకు దగ్గరగా ఉన్నవాళ్లు ఎవరో చూసి, వాళ్లని బట్టి ఆ గడికి పదేపదే అంచనా కడతాం. ఆ అంచనా ఎంత అటూ ఇటూ అవుతుందో కూడా రాస్తాం. తెలియనిది తెలిసినట్టు రాసేస్తే మా సార్ ఊరుకోరు.

నీ ప్రియ

తా.క. మీ వీధిలో నీ ఈడువాళ్ల అంకెలు కూడా చూస్తున్నాను. పేర్లు నాకు కనపడవులే.

వజ్రపుకొత్తూరు

అమ్మా ప్రియా,

మా వీధిలో నా ఈడువాడు పోలారావు ఒక్కడే. అతని మూత్రం చూసి నా గడి నింపుతావా? కొబ్బరితోట గట్టు తగువయ్యాక వాళ్లింటి కూర కూడా మా గడప తొక్కలేదు. అయినా తక్కువంటే మంచిదేనని అర్థమైంది. ఆదివారం ఆరాధనయ్యాక అందరికీ చెప్పాను. నా మేనకోడలు లేని అంకెను కూడా చదవగలదంటే పాస్టరుగారే చప్పట్లు కొట్టించారు. ఆ గడి ఖాళీగానే ఉంచు.

నీ మావయ్య

తా.క. నిండు కాగితం వచ్చిన పోలారావుకి ఇప్పుడు నిద్ర పట్టడం లేదట. మరో నలుగురు ఈసారి క్యాంపులో సీసాలివ్వకుండా ఖాళీలు సంపాదిస్తామంటున్నారు.

విశాఖపట్నం

మావయ్యా,

ముందు ఆ నలుగురినీ ఆపు. సీసా ఇవ్వకపోతే వచ్చే ఖాళీ వేరు, మిషనుకి అందక వచ్చే ఖాళీ వేరు. భయపడి రానివాళ్లని వదిలేస్తే ఊరంతా ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్క తేలుతుంది.

ఇక నీ గడి. మళ్లీ మిషనెక్కించాం, మళ్లీ ఖాళీయే. అంచనా మాత్రం ఎన్నిసార్లు కట్టినా పెద్ద అంకే వచ్చింది. ఎందుకంటే ఆ ప్రొటీను మగవాళ్లకుండే గ్రంథిలోంచి వస్తుంది. క్యాంపులో ఇంకే మగవాడికీ ఆ గడి ఖాళీ లేదు. ఆడవాళ్లకే ఖాళీ. ఆ సీసా అత్తది కదూ? అత్త కిడ్నీలు భేషుగ్గా ఉన్నాయి. నీవెలా ఉన్నాయో నాకు తెలీదు. తాతయ్య కూడా చూపించుకోకుండా తిరిగి తిరిగి చివరికి డయాలిసిస్ మంచం మీదే పోయాడు. అమ్మకి నువ్వొక్కడివే తమ్ముడివి. నాకు భయంగా ఉంది మావయ్యా, వెళ్లి చూపించుకో.

ప్రియ

తా.క. ఈ ఉత్తరం చర్చిలో చదవకు.

వజ్రపుకొత్తూరు

ప్రియమ్మకి మీ అత్త జీవరత్నమ్మ రాసేది.

మీ మావయ్య నీ ఉత్తరం చదివి తలగడ కింద దాచారు. మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని, "సూసుకోకపోతే లేనట్టే అనుకున్నానే" అన్నారు. నాకు ఏడుపొచ్చింది. మర్నాడే పలాస తీసుకెళ్లాను. కిడ్నీల్లోంచి ప్రొటీను కారుతోందట, కానీ ఇప్పుడిప్పుడే మొదలట. డాక్టరమ్మ మందులు రాసి, నొప్పి బిళ్లలు మానిపించింది. జాగ్రత్తగా ఉంటే నెట్టుకురావచ్చంది. నువ్వా ఖాళీని ఖాళీయే కదా అని వదిలేసుంటే ఈ మనిషి గొప్పలు చెప్పుకుంటూనే పోయేవారు. నీ చదువుకి చేతులెత్తి మొక్కాలనుంది తల్లీ.

మీ అత్త

తా.క. ఆ భేషైన కిడ్నీలు నావి కావమ్మా. ఆయన నన్ను సీసా అడిగితే నాకూ భయమేసి, పెరటి వైపునుంచి అసిరమ్మని బతిమాలి ఆవిడ సీసా తెచ్చిచ్చాను. అసిరమ్మంటే పోలారావు పెళ్లాం. ఆయనకింకా చెప్పలేదు. రేపు మళ్లీ క్యాంపట, నా సీసా నేనే ఇత్తన్నాను. ఏటొచ్చినా నాకు దాసకుండా రాయి.