బంగారు బల్లి ఉన్న తావు

జూన్ 8, ఆదివారం

దొరికింది. ఇన్నేళ్ళు వెతికిన బంగారు బల్లి! వంక పైన, రెండు బండలు ఆనుకున్న సందులో. మగది, ఒళ్ళంతా పసుపు ముద్ద. పైన రాతికి అతుక్కుని గుడ్లు, తెల్లగా, వరసగా. ఆడది వాటి పక్క నుంచి కదలదు. తొందరలో నా మొదటి ఫొటోలన్నీ మసకగా వచ్చాయి. మమ్మల్ని కొండకు తీసుకొచ్చే రఫీ అన్న నవ్వాడు. స్టూడియోలో రోజంతా పెళ్ళికూతుళ్ళను ఫొటోలు తీసే ఆయనకు ఏం తొందర.

దిగేటప్పుడు రఫీ అన్నది ఎప్పటి మాటే. "బొమ్మ ఎవరికైనా సూపించుకోండి. తావు మాత్రం చెప్పొద్దు." శ్రీ సిటీ ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి నిద్ర లేకుండా వచ్చిన గిరి నెత్తిన చెయ్యి పెట్టుకుని ఒట్టేశాడు. నేను వెయ్యలేదు. సైన్సు టీచర్ని, నాకు చెప్పాలా అనుకున్నాను.

జూన్ 11

అత్త నెత్తిన బల్లి పడింది. వంటింట్లో, సంగటి గెలికేటప్పుడు. పంచాంగం తీయించింది — తల మీదయితే ప్రాణగండం. అన్నం ముట్టలేదు. "కంచికి పోయి బంగారు బల్లిని ముట్టుకోవాల. ఈ మోకాళ్ళతో యాడ పోయేది?" ముట్టుకుని వచ్చినవాళ్ళను తాకినా చాలట. వీధిలో అలాంటివాళ్ళు ఎవరూ దొరకలేదు.

జూన్ 12

బడి తెరిచారు. ఇంటికొస్తే అత్త ఇంకా పడుకునే ఉంది. ఏం చెయ్యాలో తోచక ఫోన్‌లో ఫొటో తీసి చేతికిచ్చాను. ఇదీ బంగారు బల్లే, ముట్టుకో అత్తా.

ముట్టుకుంది. కళ్ళకద్దుకుంది. లేచి సంగటి తినింది.

పొద్దున పిల్లలకు మూఢనమ్మకాలు వద్దని చెప్పి, సాయంత్రం ఈ పని. సిగ్గే... కానీ ఆమె తింటుంటే సంతోషంగానే ఉంది.

జూన్ 15, ఆదివారం

పక్కింటి రాజమ్మక్క వచ్చింది. ఆమె వెనక ఇంకొందరు. ఫోన్ చేతులు మారుతోంది, అద్దం నిండా పసుపు వేళ్ళు. అత్త మధ్యలో కుర్చీ వేసుకుని పెద్దరికం. నాకూ ముచ్చటగానే ఉంది.

రాజమ్మక్క అనింది: "ఇది కంచి బల్లి పటమే లే. ఎవురిదో పంపించుకోని తానే తీసినానంటాది."

చెప్పేశాను. మన కొండే, వంక పైన, రెండు బండలు ఆనుకున్న చోట, నేనే తీశానని. ఎవరూ దారి అడగలేదు. నేనే చెప్పాను.

జూన్ 16

ఎందుకు చెప్పాను? రాజమ్మక్క అన్నది ఫొటో మీద మాట, నేను ఒళ్ళు మండి తావంతా చెప్పాను. వాళ్ళు అంత దూరం పోరులే. పోరు.

జూన్ 18

అత్త అన్నం పెడుతూ — "రాజమ్మోళ్ళు ఆటో మాట్లాడుకోని పోయినారంట నిన్న. జీవమున్న బల్లినే ముట్టుకోని వొచ్చినారంట. కంచిలో ఉండేది అయినా లోహందే గదా."

చెయ్యి కడుక్కుని లేచాను.

జూన్ 22, ఆదివారం

రాయాలని లేదు.

బండ మీద పసుపు, కుంకుమ. సందు మొదట్లో కర్పూరం మసి. లోపలికి పొడిచిన పుల్ల అక్కడే ఉంది. గుడ్ల మీద కూడా పసుపు పూశారు. కొన్ని పగిలి కారి ఎండిపోయాయి. మగది కనిపించలేదు. తెగిన తోక ఒకటి, దాని చుట్టూ చీమలు.

రఫీ అన్న కూర్చుండిపోయాడు. ఆ పుల్ల బయటికి లాగి గిరి వైపు తిరిగాడు. "నువ్వు ఎవురికి చెప్పినావు?"

"ఎవురికీ చెప్పలేదన్నా."

"స్టేటస్ పెట్టే జబ్బు నీకే గదా ఉండాది. ఇంగ నా బండి ఎక్కొద్దు."

గిరి నా వైపు చూశాడు. నోరు తెరిచాను. వచ్చిన మాట — "నీళ్ళు ఉన్నాయా, ఇది కడుగుదాం."

రాతి మీద పసుపు కడుగుతూ కూర్చున్నాను, తేలు కుట్టిన దొంగలాగా. గిరి ఒక్కడే నడిచి దిగిపోయాడు.

జూన్ 23

చెప్పలేదు.

జూన్ 25

గిరి ఫోన్. "అక్కా, మీరన్నా అన్నతో ఒక మాట చెప్పండి. నేను అట్లాంటోణ్ణి కాదని మీకు తెలుసు గదా."

తెలుసు అన్నాను.

"మీరొక్కరన్నా నమ్మినారు. చాలక్కా."

ఫోన్ పెట్టేసి చాలాసేపు మొహం కడుక్కున్నాను. నా మీద నాకే అసహ్యంగా ఉంది.

జూన్ 27

అత్తతో మొదలుపెట్టాను. అక్కడికి ఎవరినీ పోనివ్వద్దు, గుడ్లు పగిలాయి, అవి చచ్చిపోతాయి అని. అత్త నా తల నిమిరింది. "నువ్వు సూపించినందుకే నేను బతికినా. ఇంకొకరు బతికితే నీకేమి కష్టం మే?"

ఆమె కళ్ళలో కపటం లేదు.

జూన్ 29, ఆదివారం

పొద్దున్నే రఫీ అన్న పిలిచాడు. దారికి అడ్డంగా ముళ్ళకంప వేద్దామని. ఇద్దరమే. కొట్టిన కంప ఆయన ఈడ్చుకొస్తుంటే నేను సందుల్లో దూరుస్తున్నాను. చేతులు గీరుకుపోతుంటే బాగుందనిపించింది.

"ఇంకెవురినీ నమ్మబుద్ధి కాలేదు చెల్లెమ్మా" అన్నాడు. అప్పుడే చెప్పాలి. ఆ మాట తర్వాతే. ఈ కంప వేసేశాక చెబుదాం అనుకున్నాను.

కింద నుంచి ఆడవాళ్ళ మాటలు. పళ్ళెంలో టెంకాయ. ముందు రాజమ్మక్క. నన్ను చూసి మొహం విప్పారింది. వెనక్కి తిరిగి కేకేసింది — "టీచరమ్మ మన కంటే ముందే వొచ్చేసింది సూడండి. ఈ తావు మాకు చెప్పిందే ఆమె."

రఫీ అన్న చేతిలో కంప అలాగే ఉంది. నన్ను చూడలేదు. వాళ్ళతోనే మాట్లాడాడు, మెల్లగా — లోపల పామున్నాదమ్మా, పోవద్దండి అని. వాళ్ళు కింది బండ మీదే టెంకాయ కొట్టి వెళ్ళిపోయారు. ఆయన జీవితంలో ఆ చోటు గురించి ఆడిన మొదటి అబద్ధం అయి ఉంటుంది.

బండి మీద ఇంటి దాకా దింపాడు. దిగాక అన్నాడు: "నాకేమీ చెప్పొద్దు. గిరిగానికి చెప్పు."

ఇంటికొచ్చి గిరి నంబరు తీశాను. ముందు గిన్నెలు తోమాను. ముళ్ళు తీసుకున్నాను. పిల్లల నోట్సులు దిద్దాను. ఇప్పుడు షిఫ్టులో ఉంటాడేమో... ఎత్తితే ఏమని మొదలుపెట్టాలి? వాడు ముందు "చెప్పండక్కా" అంటాడు.

ఇంకా చెయ్యలేదు.