ఆ పుస్తకంలో అసమ్మతి

మామా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఈ పొద్దున మన ప్రార్థన మందిరంలో కమిటీ కూర్చుంది. నిన్న పోయిన ఆటో ప్రసాదు తాగుబోతట, మన సమాధుల తోటలో చోటివ్వకూడదట. నేను తప్ప అందరూ చేతులెత్తారు. అయినా సెక్రటరీ తీర్మానాల పుస్తకంలో "ఏకగ్రీవం" అని రాసేశాడు!

"నేను ఒప్పుకోలేదు. అసమ్మతి అని రాయి" అన్నాను.

"ఒక్కడివే కదేటి బావా! నీకోసం బుక్కు పాడుసేత్తానేటి?" అని నవ్వాడు.

ఒళ్లు మండిపోయింది. బైబిల్లో మందితో కలిసి చెడు చేయొద్దన్న వాక్యం తీసి వాళ్ల ముఖాన చదివాను. నాకు సంఘమంటే పగ అన్నారు.

ఒకప్పుడు ఇలాగే నువ్వొక్కడివే కమిటీకి ఎదురు నిలిస్తే, నిన్ను నేనూ అదే అన్నాను. "పగ కాదురా. నేనూ ఈ సంఘంలోనోడినే, ఈ పాపంలో మాత్రం నాకు పాలు లేదని సెప్పడం. అదీ అసమ్మతంటే" అన్నావు.

సెక్రటరీ చేతిలో పెన్ను లాక్కుని ఆ మాట నేనే పుస్తకంలో రాసి సంతకం పెట్టాను. తీర్మానం మాత్రం మారలేదు, మామా. శవాన్ని ఎలమంచిలి శ్మశానానికి తీసుకెళ్లమన్నారు.

బయట మెట్ల మీద ప్రసాదు భార్య నిలబడి ఉంది.

"అందరూ వద్దనేసేరా అన్నా?" అని అడిగింది.

"అందరూ కాదమ్మా" అన్నాను.