బెంచీ మీద జాయ్సీ

ధహ్రాన్,
నవంబరు 2006

అబ్బాయి ఇమ్మానుయేల్‌కు, ప్రభువు కాపుదలలో నువ్వూ కోడలూ క్షేమమని తలుస్తూ మీ అమ్మ రాస్తున్నది.

మొన్న ఫోనులో నువ్వు, "జాయ్సీ అక్కడ బంతులు మోస్తోంది, తువ్వాళ్ళు అందిస్తోంది" అన్నావు. తప్పు. బంతులు మోయడానికి చక్రాల బండి ఉంది. తువ్వాళ్ళు ఎవరివి వాళ్ళే తెచ్చుకుంటారు, ఆ విషయంలో ఇక్కడి పిల్లలు నీకంటే మెరుగు. నీ కూతురి పని వేరు. దాన్ని నువ్వు చూడలేవు, ఎందుకంటే ఆడపిల్లలు ఆడే హాల్లోకి మగవాళ్ళను రానివ్వరు. ఫొటోలు తీయనివ్వరు. సెల్‌ఫోన్లు గుమ్మం దగ్గరే తీసుకుంటారు. తండ్రులూ డ్రైవర్లూ బయట కార్లలో కూర్చుని, లోపలి కేకలను బట్టి ఎవరు గెలుస్తున్నారో ఊహించుకుంటారు. మీ చెల్లెలు రత్నమణికి మ్యాచి రోజు హాస్పిటల్ డ్యూటీ. కాబట్టి మన ఇంట్లో చూసిన మనిషిని నేనొక్కదాన్నే. హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైనదాన్ని, ఉన్నది ఉన్నట్టు చెప్పడం నాకు అలవాటు.

రత్నమణి దగ్గరికి విజిట్ వీసా మీద బయలుదేరుతుంటే నువ్వు నా చెవిన వేసిన మాట మరిచిపోలేదు. కాలేజీ వాళ్ళు జాయ్సీని హెల్త్ రూము నర్సు పనిలోంచి తీసి బాస్కెట్‌బాల్ జట్టుకు అసిస్టెంట్ కోచ్‌ని చేస్తామంటున్నారు, అది ఒప్పుకోకుండా చూడమన్నావు. నచ్చజెప్పేముందు ఆ పనేమిటో చూద్దామని మ్యాచికి వెళ్ళాను. నల్ల అబాయా వేసుకుని, ముసలి కాకిలా మెట్ల మీద కూర్చున్నాను.

ఇదెలా మొదలైందో నీకు సగమే తెలుసు. కాళ్ళు మెలిపడి హెల్త్ రూముకు వచ్చే పిల్లలకు నీ కూతురు కట్లు కడుతూ, అసలు ఎగిరాక నేల మీద ఎలా దిగాలో చెప్పడం మొదలుపెట్టింది. కట్ల అవసరం తగ్గిపోయింది. ఆటల విభాగం చూసే లెబనాన్ ఆవిడకు అనుమానం వచ్చి ఆరా తీస్తే, ఈ నర్సు ఒకప్పుడు యూనివర్సిటీ జట్టుకు ఆడిందని బయటపడింది. అప్పట్నించి ప్రతి ఆటకూ దీన్ని బెంచీ మీద కూర్చోబెడుతున్నారు.

అక్కడ కూర్చుని ఇది ఏం చేస్తుందనుకున్నావు? తెలుగులో అరుస్తుంది. అరబ్బీలోనో ఇంగ్లీషులోనో చెబితే ఎదుటి జట్టుకూ తెలిసిపోతుంది గనుక, ఎడమ, కుడి, లోపలికి, వెనక్కి అన్న మాటలు తన పిల్లలకు నేర్పింది. ఆ సౌదీ పిల్లలు మన తెలుగుకు పరుగులు తీస్తుంటే నాకు నవ్వాగలేదు. కానీ ఎదుటి జట్టు వాళ్ళు, దీని నోట మాట పడీ పడకముందే అటే వెళ్ళి అడ్డం నిలుస్తున్నారు. మనవాళ్ళు వెనకబడ్డారు.

కారణం నా ముందు వరుసలోనే కూర్చుని ఉంది. ఎదుటి కెప్టెన్ ఇంట్లో పనిచేసే మునిరత్నమ్మ. జాయ్సీ అన్నదల్లా అరబ్బీలోకి మార్చి గట్టిగా అరుస్తోంది.

"ఏ ఊరమ్మా మీది?" అన్నాను.

"రాయచోటి పక్కన పల్లె, పెద్దమ్మా. ఆ పాపను ఉయ్యాల్లో ఉన్నప్పట్నించి నేనే సాకినా. ఆ టీచరమ్మ తెలుగులో చెప్తాండాది, నేను మా పాపకు అరబ్బీలో చెప్తాండా. తప్పేముంది?"

"తప్పేం లేదు. ఆ టీచరు నా మనవరాలు."

"అట్లనా? అయితే నీ పిల్ల నీకు, నా పిల్ల నాకు," అని మళ్ళీ అటు తిరిగింది. ఈ దేశంలో తెలుగు ఎవరికీ తెలియదనుకోవడం మన జాయ్సీ లాంటివాళ్ళే చేసే పొరపాటు.

ఇంతలో మధ్యాహ్నం దాటాక చేసే అసర్ నమాజు పిలుపు వినిపించింది. ఆట ఆపి పిల్లలంతా ప్రార్థనకు వెళ్ళారు. నేను గబగబా బెంచీ దగ్గరికి దిగాను.

"మెల్లగా నానమ్మా, నేల జారుతుంది."

"నేల సంగతి తర్వాత. అక్కడొకావిడ నీ మాటలన్నీ వాళ్ళకు చేరవేస్తోందే."

"తెలుసు. ఆట మొదలైన కాసేపటికే విన్నాను."

"విని ఊరుకున్నావా?"

"అలవాటు పడనిచ్చాను నానమ్మా. ఇప్పుడు వాళ్ళ కెప్టెన్ మా పిల్లల కాళ్ళను చూడటం మానేసింది. ఆ ఆంటీ కేక కోసమే ఎదురుచూస్తోంది."

అబ్బాయీ, అక్కడే నేను నచ్చజెప్పే మాట మరిచిపోయాను.

ప్రార్థన ముగించుకుని వచ్చిన పిల్లలను మూలకు తీసుకెళ్ళి ఏదో చెప్పింది. వాళ్ళు కిలకిలమన్నారు. ఇక అక్కణ్ణుంచి ఎడమంటే కుడి, లోపలికంటే బయటికి. మునిరత్నమ్మ పాపం ఒక్క మాట పొల్లుపోకుండా చేరవేస్తోంది, వాళ్ళ పిల్లలు ఎవరూ లేనివైపు వెళ్ళి చేతులు చాపి నిలబడుతున్నారు. చివరికి కెప్టెన్ నడుం మీద చేతులు పెట్టుకుని మెట్లవైపు ఉరిమి చూసింది. "నేనేం చేసేది, ఆ యమ్మ అన్నిందే చెప్తి," అని మునిరత్నమ్మ నా వైపు తిరిగి లెంపలేసుకుంది. మనవాళ్ళు గెలిచారు. వరండాలో అరిచిన పిల్లల్ని బెంచీ ఎక్కించిన నేను, ఆ రోజు గొంతు పోయేదాకా అరిచాను.

నీకు ఆటంటే కోపం లేదని నాకు తెలుసు. యూనివర్సిటీ పోటీల్లో అది మోకాలు తిరిగి పడినప్పుడు గ్యాలరీలోంచి దూకిన తండ్రివి. ఆ భయం నీలో అలాగే ఉంది. కానీ ఇప్పుడు దాని మోకాలితో పని లేదురా. అది కూర్చుని ఆడుతోంది.

మర్నాడు డీన్ గారు నాకు ఖర్జూరాలూ, గావా అనే అరబ్బీ కాఫీ ఇచ్చి, ఉద్యోగం మార్చాలంటే తండ్రి సమ్మతి ఉంటే మాకు మర్యాదగా ఉంటుంది అన్నారు. "ఆ తండ్రికి తల్లిని నేను, అతని సమ్మతి నా దగ్గరుంది" అన్నాను. ఆవిడ హాయిగా నవ్వి, అయినా ఒక కాగితం ఇప్పించండి అన్నారు.

కాబట్టి ఈ ఉత్తరం అందిన మర్నాడే ఆఫీసుకు వెళ్ళేముందు ఈ పని చెయ్యి. తెల్ల కాగితం మీద ఇంగ్లీషులో నాలుగు ముక్కలు చాలు: నా కుమార్తె కోచ్‌గా పనిచేయడం నాకు సమ్మతం. నీ ఉపన్యాసం కలపకు. నల్ల ఇంకుతో రాయి, నీలం ఫ్యాక్సులో వెలిసిపోతుంది. సంతకం కింద పేరు విడివిడి అక్షరాల్లో పెట్టు, నీ సంతకం నాకే అర్థం కాదు. ఫ్యాక్సు చెయ్యాల్సిన కాలేజీ నంబరు ఈ ఉత్తరం వెనక ఉంది. పంపాక, అందిందని చీటీ వచ్చేదాకా బూత్ దగ్గరే నిలబడు.

మీ అమ్మ,
సువార్తమ్మ