దుప్పి మాట ఎత్తను

మార్చి 5, భస్మ బుధవారం

మొదలు!

ఇవాళ్టి నుంచి ఈస్టర్ దాకా మా ఊళ్ళో ప్రతివాళ్ళూ ఏదో ఒకటి మానేస్తారు. పక్కింటి హైల్మన్ గారు బీరు మానేశారు. మా స్కూల్లో లెక్కల టీచరు చాక్లెట్లు మానేసింది. నేను ఓపెల్ కార్లని వెనకేసుకురావడం మానేస్తున్నాను.

నవ్వొద్దు. చాక్లెట్ కంటే ఇది కష్టం. పుట్టింది రుసెల్స్‌హైమ్‌లో. తాతయ్యదీ నాన్నదీ ఆ కార్ల ఫ్యాక్టరీలోనే ఉద్యోగం. నేనొక్కదాన్నే దారి తప్పి చరిత్ర టీచర్నయ్యాను. ఎవరైనా "ఓపెలా?" అని మూతి ఒక పక్కకి తిప్పారంటే చాలు, ఇక నా నోరు నా మాట వినదు.

ఈ వ్రతం పెట్టింది నేను పెళ్ళాడబోయే ఎకార్ట్. వాళ్ళది జిండెల్‌ఫింగెన్, అంటే మెర్సిడెస్ ఊరు. వాళ్ళింట్లో దేవుడి తర్వాత ఆ కారు ముక్కు మీది నక్షత్రమే. క్రిస్మస్‌కి వాళ్ళమ్మగారు మమ్మల్ని తన ఇంటి పక్కనున్న హోటల్‌కి పిలిచారు. పాపం ఆవిడన్నది ఒక్క మాటే. "ఓపెల్ నడిపేవాళ్ళు చాలా ఓర్పున్న మనుషులు." నేను ఓపెల్ వాళ్ళు కుట్టుమిషన్లు చేసిన కాలం దగ్గర మొదలుపెట్టాను. సూపు చల్లారింది. చివరికి దుప్పిని కూడా దించాను.

దుప్పి సంగతి మా జర్మనీలో పసిపిల్లలకి కూడా తెలుసు. 1997లో స్వీడన్‌లో ఒక పరీక్ష పెట్టారు. రోడ్డుకి దుప్పి అడ్డొచ్చిందనుకుని స్టీరింగ్ గబుక్కున తిప్పాలి. మెర్సిడెస్ వాళ్ళ కొత్త చిన్న కారు బోల్తా పడింది. నేనా మాట అనగానే ఆవిడ ఫోర్కు కింద పెట్టారు, కోటు వేసుకున్నారు, కాఫీ తాగకుండానే ఇంటికి వెళ్ళిపోయారు.

ఈస్టర్‌కి ఆవిడ మా ఇంటికి భోజనానికి వస్తున్నారు. మా పెళ్ళి సంగతి అప్పుడు చెబుతానన్నాడు ఎకార్ట్. "అమ్మ ఇంకోసారి అలా లేచి వెళ్ళిపోతే మాత్రం నా వల్ల కాదు గెజీనె," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, కానీ కళ్ళల్లో నవ్వు లేదు.

అందుకని నియమాలు. ఎవరేమన్నా చిరునవ్వు. చరిత్ర వద్దు. దుప్పి అసలే వద్దు. ఈస్టర్ భోజనం పూర్తయ్యేదాకా.

నాకు నమ్మకం ఉంది!

మార్చి 6, గురువారం

మొదటి విజయం!

పళ్ళ డాక్టరు నా నోట్లో దూది కూరుతూ, "ఇంకా ఓపెలేనా మీది? పన్నుకీ కారుకీ ఒకే జబ్బన్నమాట. తుప్పు," అన్నాడు. ఒక్క మాట కూడా అనలేదు నేను. పుక్కిలించి, సగం మూతితో నవ్వి, బయటికొచ్చేశాను. ఎంత తేలిక!

సాయంత్రం మత్తు దిగాక చిన్న అనుమానం. ఆ మౌనం నాదా, ఇంజెక్షన్‌దా?

మార్చి 9, ఆదివారం

ఒక గొప్ప సంగతి కనిపెట్టాను. ఈ ఉపవాసం నలభై రోజులే అంటారు, కానీ భస్మ బుధవారం నుంచి ఈస్టర్ దాకా లెక్కపెడితే నలభై రోజులు దాటిపోతున్నాయి. ఆదివారాలు తీసేస్తేనే నలభై. ప్రతి ఆదివారమూ చిన్న ఈస్టరేనని పాస్టరు గారు కూడా అన్నారు. అంటే ఆదివారం ఉపవాసం లేదు!

బేకరీ క్యూలో నా ముందున్న పెద్దమనిషి వీస్‌బాడెన్ నుంచి వచ్చాడట. "ఈ ఊళ్ళో ఆ ఫ్యాక్టరీ తప్ప ఏముంది లెండి," అన్నాడు. ఆదివారం కదా. పశువుల కొట్టంలో తయారైన మొదటి కుట్టుమిషన్ దగ్గర మొదలుపెట్టి సైకిళ్ళ దాకా వచ్చాను. కార్ల దాకా రాకముందే ఆయన రొట్టె చేతికొచ్చింది. ఆయన వెళ్ళిపోయాడు. కొంచెం వేగంగా.

మార్చి 12, బుధవారం

డైరీ నోరు కాదు. డైరీలో రాస్తే మాట్లాడినట్టు కాదు. ఇది కూడా న్యాయమే అనిపిస్తోంది.

కాబట్టి రాస్తున్నాను. ఆడమ్ ఓపెల్ కారు తయారుచేయలేదు. ఆ రోజుల్లో కారంటే ఆయనకి కంపు కొట్టే పెట్టె, డబ్బు ఎక్కువైనవాళ్ళ ఆటబొమ్మ అని చెప్పుకుంటారు. ఆయన పోయాక భార్య సోఫీ, అయిదుగురు కొడుకులూ కలిసి ఆ కంపు పెట్టెల వ్యాపారంలోకే దిగారు. కొడుకులందరూ సైకిలు పందెగాళ్ళు. ఫ్యాక్టరీ ముందు విగ్రహం మాత్రం తండ్రిదే. వద్దన్న మనిషినే ద్వారపాలకుడిగా నిలబెట్టారు. నాకు ఇది చాలా ఇష్టం. ఎవరికైనా చెప్పాలని నాలుక దురద పెడుతోంది.

చెప్పను.

మార్చి 18, మంగళవారం

పదో తరగతికి పరిశ్రమల కాలం పాఠం. ఉదాహరణ కావాలి. కుట్టుమిషన్ చెప్పాను. కుట్టుమిషన్ కారు కాదు. తర్వాత సైకిలు చెప్పాను. అదీ కారు కాదు. గంట మోగే లోపు 1924లో వచ్చిన 'చెట్టుకప్ప' దాకా వెళ్ళాను. ఆకుపచ్చ రంగు వల్ల ఆ పేరొచ్చింది. మన దేశంలో కదిలే పట్టా మీద వరసగా తయారైన మొట్టమొదటి...

సరే, అది కారే. కానీ జీతం తీసుకుని చెప్పింది లెక్కలోకి రాదు.

మార్చి 22, శనివారం

ఎకార్ట్ వచ్చాడు. చినుకులు పడుతున్నా ఎప్పటిలాగే కారు వీధి మలుపులో బేకరీ దగ్గర పెట్టి నడుచుకుంటూ వచ్చాడు. మా వీధిలో వేరే కంపెనీ కారు గుమ్మం ముందు ఆపరు. ఏ బోర్డూ లేదు, ఎవరూ ఏమీ అనరు. కానీ ఆపరు. మూడేళ్ళుగా అతనూ ఆపలేదు. వర్షంలో తడిసి వచ్చిన రోజులు కూడా ఉన్నాయి. అతని మీద నాకు ప్రేమ పుట్టింది బహుశా అలాంటి రోజే.

"ఏమండీ, నక్షత్రం తడిసిపోతోందా అక్కడ?" అన్నారు హైల్మన్ గారు కంచె అవతలి నుంచి.

"స్నానం చేస్తోందండీ. మీ మెరుపుకి కూడా చేయిస్తే బాగుంటుంది," అన్నాడు ఎకార్ట్.

"మా మెరుపుకి నీళ్ళు పడవు బాబూ. తుప్పు పడుతుందని మీరేగా అంటారు!"

మెరుపంటే మా ఓపెల్ గుర్తు. ఇద్దరూ నవ్వారు. నేను వంటింట్లోకి వెళ్ళి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగాను. వాళ్ళు నవ్వుతూ అనగలిగిన మాట నేనెందుకు అనలేను? నేనంటే అది పాఠమైపోతుంది.

ఏప్రిల్ 3, గురువారం

నిద్ర లేచిన దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న. ఇంతకీ నేను వెనకేసుకొస్తున్నది ఎవరిని?

1929 నుంచి అది అమెరికా వాళ్ళది. 2017లో ఫ్రెంచి వాళ్ళు కొన్నారు. ఇప్పుడు ఎన్నో దేశాల కంపెనీలున్న పెద్ద ఉమ్మడి కుటుంబంలో ఒక కోడలు. అందులో నాకు పిసరంత వాటా లేదు. నాన్న పోయి కూడా చాలా కాలమైంది.

నాన్నయితే రోజూ సాయంత్రం ఇంటికొచ్చి, బూట్లు విప్పుతూ, ఫ్యాక్టరీని తిట్టేవాడు. ఫోర్‌మన్‌నీ, క్యాంటీన్ సూపునీ, కొత్త మోడల్ తలుపునీ తిట్టేవాడు. ఒకసారి పెళ్ళి విందులో మ్యూనిక్ చుట్టం ఒకాయన ఓపెల్ మీద చిన్న జోకు వేశాడు. నాన్న చొక్కా చేతులు పైకి మడిచాడు. అమ్మ ఆపింది. ఇంటికొచ్చాక అడిగాను, "రోజూ నువ్వూ తిడతావు కదా నాన్నా?"

"తిట్టాలంటే అక్కడ పనిచేసి ఉండాలమ్మా," అన్నాడు.

మరి నేను అక్కడ ఒక్క రోజు కూడా పనిచేయలేదు. తిట్టే హక్కు నాకు లేదు. అందుకే పొగడ్డం ఒక్కటే మిగిలిందేమో.

ఇది తెలివైన ఆలోచనా, కొత్త సాకా? తేల్చుకోలేకపోతున్నాను.

ఏప్రిల్ 11, శుక్రవారం

స్కూల్లో తల్లిదండ్రుల సమావేశం. ఒక తండ్రి. ఒక జోకు. నేను. నల్లబల్ల. సుద్దముక్క.

వివరాలు రాయను.

ఏప్రిల్ 17, గురువారం. పచ్చ గురువారం.

అయిపోయింది. అంతా అయిపోయింది.

ఈస్టర్ ముందు వచ్చే ఈ గురువారాన్ని పచ్చ గురువారం అంటాం. ఏడు రకాల ఆకులు తరిగి పచ్చ సాసు చేశాను. ఉడికించిన గుడ్లు, బంగాళదుంపలు. ఎకార్ట్ చెంచాతో సాసు పైకెత్తి చూస్తూ, "అచ్చం మీ కప్ప రంగే," అన్నాడు.

నవ్వాను. నియమం ప్రకారం.

"అది ఫ్రెంచి వాళ్ళ కారుకి నకలట కదా? వాళ్ళది పసుపు, మీది పచ్చ, అంతేనట తేడా."

ఇక ఆగలేదు. ఫ్రెంచి కంపెనీ సిట్రొయెన్ కోర్టుకెక్కడం, ఆ కేసు నిలవకపోవడం, ఆ సిట్రొయెన్నూ మా ఓపెల్లూ ఈరోజు ఒకే చూరు కింద కాపురం చేయడం, "నకలు కొట్టావన్నవాడి ఇంటికే కోడలుగా వెళ్ళింది చూడు చివరికి!" అని బల్ల మీద చరచడం... సాసు అతని చొక్కా మీద పడింది.

అతను తుడుచుకున్నాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"నేను సరదాకి అన్నాను గెజీనె. ఆదివారం అమ్మ కూడా సరదాకే అంటుంది. అప్పుడూ ఇలాగే అయితే?"

"అవదు."

"అమ్మ లేచిందంటే నేనూ లేవాలి. ఇంటికి దింపాలి కదా."

దింపడం గురించే అన్నాడు. నాకు మాత్రం వేరేలా వినిపించింది. అతను వెళ్ళాక బల్ల మీది సాసు తుడిచాను. చచ్చిపోయినా ఆదివారం నోరు తెరవను.

ఏప్రిల్ 20, ఈస్టర్ ఆదివారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

వాన. ఎకార్ట్ కారు బేకరీ దగ్గర ఆగలేదు. నేరుగా మా గుమ్మం ముందే ఆగింది! అద్దం దించి ఉంది, వాళ్ళమ్మగారి గొంతు వీధంతా వినపడుతోంది. "మలుపులో ఎందుకురా ఆపడం? దొంగతనానికొచ్చామా?"

అంత వానలోనూ హైల్మన్ గారు మొక్కలకి నీళ్ళు పోయడానికి బయటికొచ్చారు. "ఏంటమ్మాయ్, ఇల్లు అమ్మేస్తున్నావా? నక్షత్రం కారులో బ్రోకర్ వచ్చినట్టున్నాడు!"

ఆవిడ జడలా అల్లిన తీపి రొట్టె తెచ్చారు. కూర్చున్నాం. గొర్రెమాంసం వడ్డించాను.

"ఇంకా ఆ ఓపెలేనా అమ్మాయీ?"

"అవునండీ."

"బాగానే నడుస్తోందా?"

"నడుస్తోందండీ."

ఆవిడ నా వంక చూశారు. "మా ఆయన అనేవారు, ఓపెల్ వాళ్ళు హారన్ ఒక్కటే సొంతంగా చేసుకుంటారని."

బంగాళదుంపలు వడ్డించాను. ఎకార్ట్ మొహం వెలిగిపోతోంది.

"తుప్పు కూడా సొంతమేననుకో."

"ఇంకొంచెం మాంసం వేసుకోండి."

ఆవిడ కాసేపు నమిలారు. "స్వీడన్ వెళ్ళావా ఎప్పుడైనా?"

"లేదండీ."

"మంచి దేశం. అన్నీ అడవులే. ఆ అడవుల్లో జంతువులుంటాయి."

"ఉంటాయండీ."

"పెద్ద పెద్ద జంతువులు. కొమ్ములుంటాయి వాటికి."

ఎకార్ట్ ఫోర్కు గాల్లోనే ఆగిపోయింది. "కుందేళ్ళు కూడా ఉంటాయి కదమ్మా! ఈస్టర్ కదా..."

"నువ్వూరుకో. కుందేలుకి కొమ్ములుంటాయట్రా?"

నాలుక కొరుక్కున్నాను. నిజంగానే, నొప్పి పుట్టేలా. "సాసు... సాసు వేసుకోండి," అన్నాను.

ఆవిడ ఫోర్కు కింద పెట్టారు. అచ్చం క్రిస్మస్‌నాడు పెట్టినట్టే. లేచి నిలబడ్డారు. ఎకార్ట్ కూడా లేచాడు, తెల్లబోయిన మొహంతో. నేను బల్ల అంచు పట్టుకున్నాను. ఒక్క మాట కూడా అనలేదే! ఇంకేం చేయాలి?

"ఈ పిల్లకి ఒంట్లో బాగాలేదా?" అన్నారావిడ కొడుకుతో. "నాలుగు నెలల నుంచి ఆ దుప్పికి జవాబు వెతుక్కుంటూ కూర్చున్నాను! మీ నాన్నతో పనిచేసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాను. వస్తే దుప్పి ఊసే ఎత్తదేం? అడవి దాకా తీసుకెళ్ళి వదిలినా ఎత్తదేం?"

"అయితే ఆ రోజు మీరు... కోపంతో వెళ్ళిపోలేదా?" అన్నాను.

"కోపం రాకేం! జవాబు తట్టలేదు. ఓడిపోయి, పైగా కూర్చుని కాఫీ కూడా తాగమంటావా?"

ఎకార్ట్ నెమ్మదిగా నిజం చెప్పాడు. ఉపవాసం సంగతి, నియమాలు, అన్నీ.

ఆవిడ అతన్ని పైనుంచి కిందకి చూశారు. "మీ నాన్న పోయిన దగ్గర్నుంచీ నేనేమన్నా అందరూ ఊఁ అనేవాళ్ళే. నువ్వూ అంతే. ఇన్నాళ్ళకి ఎదురు చెప్పే మనిషి ఒకత్తి దొరికితే దాని నోరు కుట్టేశావా? పైగా ఇవాళ ఆదివారం! ఆదివారం ఉపవాసం ఉండదని కూడా నేర్పకుండానే పెంచానా నిన్ను?" నా వైపు తిరిగారు. "మాట్లాడు పిల్లా."

ఎకార్ట్ వంక చూశాను. కళ్ళు మూసుకుని తలూపాడు.

"దుప్పి," అన్నాను.

ఆవిడ కూర్చుని కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "బోల్తా పడ్డాం. ఒప్పుకుంటాను. పడ్డాక ఏం చేశాం? జారిపోకుండా పట్టి ఉంచే పరికరం ఖరీదైన కార్లకే ఉండేది. దాన్ని ఆ చిన్న కారు ప్రతిదానిలోనూ బిగించాం. మమ్మల్ని చూసి మిగతా వాళ్ళూ మొదలుపెట్టారు. ఇప్పుడు నీ ఓపెల్‌లో అదుందా, లేదా?"

"ఉందండీ."

"ఎవరి పుణ్యం?"

"దుప్పి పుణ్యమేనండీ," అన్నాను.

ఆవిడ నవ్వీ నవ్వీ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత సాయంత్రం దాకా ఆగలేదు మేం. కప్ప, ఫ్రెంచి వాళ్ళు, కంపు పెట్టెలు అన్నీ వచ్చాయి. మధ్యలో ఎకార్ట్ రెండుసార్లు, "అమ్మా, ఒక ముఖ్యమైన సంగతి చెప్పాలి," అన్నాడు.

"ఉండరా. ఈవిడ ఇప్పుడే మా తొంభైల నాటి తుప్పు దాకా వచ్చింది."

వెళ్ళేటప్పుడు గుమ్మంలో కోటు బొత్తాలు పెట్టుకుంటూ అన్నారు. "పెళ్ళి విందు మా ఊళ్ళోనే. ఈసారి కాఫీ కూడా తాగుతాను."

"నీకెలా తెలుసమ్మా?" అన్నాడు ఎకార్ట్.

"కారు గుమ్మం ముందు ఎందుకు ఆపించాననుకున్నావురా? మూడేళ్ళుగా మలుపులో దాక్కుంటున్నావు. వీధికి తెలియొద్దూ?"

హైల్మన్ గారు ఇంకా మొక్కల దగ్గరే ఉన్నారు. టోపీ తీశారు. ఆ నక్షత్రానికో, ఆవిడకో.

ఏప్రిల్ 21, సోమవారం

ఎకార్ట్ ఫోన్. ఈస్టర్ తర్వాత ఏడు వారాలకి వచ్చే పెంతెకొస్తు పండక్కి జిండెల్‌ఫింగెన్‌లో బంధువులందరూ కలుస్తున్నారట. బాబాయిలూ, పెదనాన్నలూ, అందరూ నక్షత్రం వాళ్ళే. "అమ్మ సంగతి వేరు. వాళ్ళు మాత్రం నిజంగానే నొచ్చుకుంటారు. అప్పటిదాకా కొంచెం..."

నిజమే. ఒక మనిషికి నచ్చిందని లోకమంతా నా పాఠం వినాలని లేదు. కాబట్టి కొత్త నిర్ణయం. పెంతెకొస్తు దాకా ఓపెల్ మాట ఎత్తను. కుట్టుమిషన్లూ కార్లే. సైకిళ్ళూ కార్లే. డైరీ కూడా నోరే. ఆదివారాలూ లెక్కలోకొస్తాయి. ఈసారి గట్టిగా!

ఫోన్ మళ్ళీ మోగింది. ఈసారి వాళ్ళమ్మగారు. "కప్పకి జవాబు దొరికింది పిల్లా. తీరిగ్గా ఉన్నావా?"

కుర్చీ ఫోన్ దగ్గరికి లాక్కున్నాను. వ్రతం రేపట్నుంచి. ఈస్టర్ సోమవారం పండగ సెలవు కదా, లెక్కలోకి రాదు.