నెలదా, ఏడాదిదా

అక్టోబరు 4

జోజి ఫోటోల సాఫ్ట్‌వేర్ గడువు అయిపోయింది. ఆసుపత్రి డ్యూటీకి బయలుదేరుతుంటే లోపల్నుంచి కేక. "అక్కా, ఫోటోల మీదికి ఏదో బాక్స్ వచ్చి కూర్చుంది, పోవట్లా." ప్లాన్ ఎంచుకోమంటోంది. ఎంచుకునేదాకా ఒక్క ఫోటో తెరవనివ్వదట.

బల్ల మీద కవర్లు గుట్టగా పడున్నాయి. నవంబరు రెండు, సమాధుల పండుగ దగ్గరికొచ్చేసింది... గుణదలలో పోయినవాళ్ళలో సగం మంది మా తమ్ముడి బల్ల మీదే ఉన్నారు. అందరికీ పలక మీదికి ఫోటో కావాలి, పండుగ లోపు సమాధికి అంటించాలి.

సాయంత్రం చూద్దాం లేరా అన్నాను.

అక్టోబరు 5

చదివి వినిపించాను. నెలకి నెల కట్టేది — రేటు ఎక్కువ, కానీ ఎప్పుడు కావాలంటే అప్పుడు మానుకోవచ్చు. ఏడాదికి ఒప్పుకుని నెలనెలా కట్టేది — మధ్యలో మానితే జరిమానా. ఏడాదిది మొత్తం ఒకేసారి — అన్నిటికన్నా చవక. కడితే మాత్రం వెనక్కి రాదు.

దిండుకి ఆనుకుని విన్నాడు. ఇన్నేళ్ళూ ఇవన్నీ వాడే చూసుకున్నాడు. నన్ను ఒక్కసారీ అడిగింది లేదు. ఇవాళ అడిగాడు.

"నువ్వు చెప్పక్కా. నెలదా, ఏడాదిదా?"

నా వంక చూడలేదు. కీబోర్డు సందుల్లో దుమ్ము తీస్తున్నాడు.

పోయిన వారం డాక్టరు గారు నన్ను వార్డు బయటికి పిలిచి చెప్పారు — "ఇక నెలల మాటే సిస్టర్." ఆయన చెప్పక్కర్లేదు. స్కాన్ నేనూ చదవగలను. క్యాన్సర్ లివర్ నిండా పాకింది. ఈ మాట ఎంతమంది రోగుల చుట్టాలకి నా నోటితో నేనే చెప్పాను! జోజికి చెప్పలేదు. వాడూ అడగలేదు.

ఇవాళ అడిగింది అదే. నాకు అర్థమైంది. కాఫీ పెడతానని లేచి వంటింట్లోకి వచ్చేశాను.

అక్టోబరు 6

మూలన చిన్న అక్షరాల్లో ఉంది — ఏడు రోజులు ఉచితం. నొక్కేశాను. ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది.

అక్టోబరు 8

విక్టోరియమ్మ పిన్ని వచ్చింది. వాళ్ళాయన పోయి ఏడాది కాలేదు. ఉన్న ఒక్క ఫోటో ఆధార్ కార్డు మీదది, దొంగని పట్టుకొచ్చి నిలబెట్టినట్టుంది.

"బాబాయ్ ఎట్టా నవ్వేవాడు పిన్నీ?" జోజి అందరినీ ఇలాగే అడుగుతాడు, అడిగాకే మౌస్ ముట్టుకుంటాడు.

"నవ్వా నా బొందా! పందెంలో కోడి గెలిస్తే నవ్వేవాడు. అదీ ఒక పక్కనే."

ఆ ఒక పక్కే కాస్త పైకి లేపాడు. పాత ఫోటోల మీద పసుపు తీసే గీత ఒకటుంది, దాన్ని ఎడమకి లాగాడు — కార్డు పసుపంతా దిగిపోయింది. పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తేరుకుని, "ఇంకాస్త తెల్లగా చెయ్యరాదూ?"

"తెల్లగా చేస్తే మీ పక్కింటాయన అవుతాడు."

ఏడుస్తూనే వాడి నెత్తి మీద ఒకటి వేసింది. ఎన్నాళ్ళకో ఇంట్లో నవ్వు.

అక్టోబరు 10

కామెర్లతో జోజి కళ్ళు ఇంకా పచ్చబడ్డాయి. గోళ్ళు కూడా. గంజి తాగి కక్కేశాడు.

అక్టోబరు 12

ఈ పూట ఏం చేశానో రాయాలంటే చెయ్యి రావడం లేదు.

గోంగూర ఒలుస్తున్నాను. మంచం మీంచి — "అక్కా, ఉచితం ఇవాళ్టితో ఆఖరంట. మరి ఏది తీసుకుందాం?"

"నెలది చాల్లే. ఏడాదిది ఎందుకు దండగ."

తల కూడా ఎత్తలేదు. బస్సు పాసైనా, కేబులైనా, కూరలోకి నూనైనా నా నోటికి వచ్చే మాట అదే. పుట్టుకతో వచ్చిన పీనాసితనం. అనేశాక ఆకు చేతిలోనే ఆగిపోయింది.

"అంతేగా" అన్నాడు.

గోడవైపు తిరిగి పడుకున్నాడు.

వార్డులో ముక్కూ మొహం తెలియని వాళ్ళకి కూడా ముందు కుర్చీ వేస్తాను, మంచినీళ్ళిస్తాను, అప్పుడు గదా నోరు విప్పుతాను. నా తమ్ముడికి గోంగూర ఒలుస్తూ చెప్పాను.

అక్టోబరు 13

ఆ బాక్స్ మళ్ళీ వచ్చింది. ఎవరమూ నొక్కలేదు. కవర్లు అలాగే ఉన్నాయి.

అక్టోబరు 14

పక్కన కూర్చున్నాను. "అట్టా కాదురా, నా ఉద్దేశం..."

"ఊరుకో అక్కా. నేనడిగిందే నువ్వు చెప్పావు. ఆ డాక్టరు గారైతే నా కాళ్ళ వంక చూసి మాట్లాడతాడు."

ఏడ్చాను. నర్సునై ఉండి, రోగి మంచం మీద తల పెట్టి ఏడ్చాను. వాడు నా జడ మీద చెయ్యి వేసి అలాగే ఉంచాడు. చేతిలో బరువే లేదు.

తర్వాత అన్నాడు — "ఏడాదిది తీసుకో. ఒకేసారి కట్టేది. నీ మెయిల్ పెట్టు, నీ పేరు మీదే ఉండాలి."

"నాకెందుకురా?"

"చెప్తాగా. కట్టు."

అక్టోబరు 15

కట్టాను. ధన్యవాదాలు అంది తెర. బాక్స్ పోయింది.

"మళ్ళీ ఎప్పుడు కట్టాలంట?"

"వచ్చే అక్టోబరు పదిహేను."

కళ్ళు మూసుకుని ఏదో లెక్క వేసుకున్నాడు. "అయితే పండుగ పని అప్పటికే మొదలైపోద్ది. నాది నువ్వే చెయ్యక్కా. సెంటర్లో ఎవరికీ ఇయ్యమాక, మొహానికి సున్నం కొట్టి చేతిలో పెడతారు."

"నోరు ముయ్యరా."

"గడువు లోపలే చేసేసెయ్. మళ్ళీ కట్టడం ఎందుకు, దండగ."

నవ్వుతున్నాడు వెధవ. నా మాట నాకే. నేనూ నవ్వాను. బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

అక్టోబరు 19

నేర్చుకుంటున్నాను. ఎంత సన్నటి నరమైనా సూదికి దొరకబుచ్చుకుంటాను, ఈ మౌస్ మాత్రం నా మాట వినదు. అమ్మ ఫోటో మీద చెయ్యి తిప్పమన్నాడు. శుభ్రం చేశానని గొప్పగా చూపించాను.

"అమ్మకి గడ్డం మీద పుట్టుమచ్చ ఉండేదిగా. ఏం చేశావ్?"

దుమ్మనుకుని తీసేశాను. అమ్మని నేను చూడక ఎన్నేళ్ళయిందో.

అక్టోబరు 28

కవర్లన్నీ అయిపోయాయి. ఆఖరివి వాడు చెప్తుంటే నేను చేశాను. ఇప్పుడు మౌస్ పట్టుకోలేకపోతున్నాడు.

నవంబరు 2

సమాధుల తోట గేటు దగ్గరే ఆటో ఆపించాను, లోపలికి నడవలేడు. ఎక్కడ చూసినా బంతిపూలు, కొవ్వొత్తులు, కొత్త సున్నం. వాడు చేసిన మొహాలే ఏ వరసలో చూసినా.

విక్టోరియమ్మ పిన్ని ఆటో దగ్గరికి వచ్చింది. "ఒరేయ్ జోజీ, చూసినోళ్ళంతా గుర్తుపట్టేస్తున్నారు. ఆయనే అంటున్నారురా, అచ్చం ఆయనే!" వాడి మొహంలోకి చూసి, ఇంకేదో అనబోయి, మానేసింది. చెంప నిమిరి వెళ్ళింది.

తిరిగొస్తూ తన స్టూడియో తాళం తియ్యమన్నాడు. వాడు మంచాన పడ్డాక అదే మొదలు తెరవడం.

"నన్ను తియ్యక్కా."

వాడి ఫోటో ఒక్కటీ లేదు, విచిత్రం. పెళ్ళి చేసుకోరా అంటే, అందరి పెళ్ళిళ్ళూ నేనేగా తీస్తున్నా అనేవాడు. నీలం తెర ముందు స్టూలు మీద కూర్చోబెట్టాను. "భుజాలు వంకరగా ఉన్నాయి, నాకు తెలుస్తోంది, నువ్వు చెప్పాలిగా" అని నన్నే తిట్టాడు. తీశాను.

నవంబరు 5

సెలవు పెట్టాను. మధ్యాహ్నం వాడు పడుకున్నాక ఆ ఫోటో తెరిచాను.

పచ్చగా ఉన్నాడు. కళ్ళు, చెంపలు, మెడ. రోజూ ఆ పచ్చదనమే చూస్తున్నాను, నిన్నటికన్నా పెరిగిందా అని. వార్డు కళ్ళు నావి. పసుపు గీత ఎడమకి లాగాను. ఇంకాస్త... పూర్తిగా. కళ్ళు తెల్లబడ్డాయి. నిరుడు గుణదల కొండ మీద తిరునాళ్ళలో మెడలో కెమెరాతో పరుగులు పెట్టిన జోజి. ఏ జబ్బూ లేదు. హాయిగా ఉన్నాడు.

"ఎంత లాగావు?"

నిద్రపోలేదు. కళ్ళు మూసుకునే ఉన్నాడు.

"మొత్తం."

"అంతొద్దక్కా. కాస్త ఉంచు. ఉన్నవాడినేగా నువ్వు తీసింది."

"ఎంత ఉంచను?"

ఈసారి నిజంగానే నిద్రపట్టింది. ఊపిరి చూశాను — ఆడుతోంది. మళ్ళీ వచ్చి కూర్చున్నాను. గీత ఇంకా ఎడమ చివరే ఉంది. మూసెయ్యబోతే, మార్పులు సేవ్ చెయ్యాలా అని అడుగుతోంది తెర...