మెట్ల కింద చప్పట్లు

ఏమయ్యా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున నీ ఫోటో ముందు బగారన్నం పెట్టి, ఇంటికి తాళం వేసి, గోల్కొండకు వెళ్ళాను. పక్క గదిలో అద్దెకుండే సుజాత కూడా వచ్చింది. భీమవరం పిల్ల, అమీర్‌పేటలో జావా నేర్చుకుంటోంది. కోట ఎప్పుడూ చూడలేదట.

నువ్వు గైడుగా నిలబడే చోట ఇప్పుడు నీ శిష్యుడు యాదగిరి ఉన్నాడు. దర్వాజా గుమ్మటం కింద నీలాగే చప్పట్లు కొట్టాడు. రెండు కొట్టి, ఆగి, ఇంకొకటి.

"గీ చప్పుడు గా కొండ మీద సుత వినబడ్తది. అన్ననే నేర్పిండు," అన్నాడు.

నువ్వు రోజూ పని నుంచి వచ్చి మన మెట్ల కింద అలాగే కొట్టేవాడివని, మూడో అంతస్తు నుంచి నేను ఒకే ఒక్క చప్పట కొట్టి బదులిచ్చేదాన్నని తిరుగు బస్సులో సుజాతకు చెప్పాను.

దీపాలు పెట్టే వేళకు ఇల్లు చేరాం. ఆ పిల్ల సరదాకి మెట్ల కింద నిలబడి కొట్టింది. రెండు, ఆగి, ఇంకొకటి.

పైనుంచి ఒక్క చప్పట వినిపించింది.

"ఆంటీ, మీ ఇంట్లో ఎవరైనా ఉన్నారా?"

"ఎవ్వరు లేరు బిడ్డా," అన్నాను. తాళంచెవి నా చేతిలోనే ఉంది.

సుజాత భయపడి స్నేహితురాలి హాస్టల్‌కు వెళ్ళిపోయింది. నేనింకా కింది మెట్టు మీదే కూర్చుని ఇది రాస్తున్నాను. ఆ ఒక్క చప్పటకు మనింట్లో ఉన్న అర్థం ఆమెకు చెప్పలేదు.

"అన్నం పెట్టిన, పైకి రా."