నా కంటిరెప్పల కేసు

మార్చి 3

నా అసలు పేరు కాగితాల్లో పడి ఉంది. దానితో పిలిచేవాళ్ళు లేరు. ఎవరినైనా నిలదీసి అడుగుతానని వీధిలో అందరికీ నేను పోలీసమ్మను. వయసు డెబ్బై రెండు. చదువు లేదు. ఇంట్లో ఉండేది నేను, మా ఆయన, కొడుకు, కోడలు. నేను చెబుతుంటే ఇది రాస్తున్నది కోడలే. తన గురించి ఏం చెప్పినా మార్చకుండా రాస్తానని ఒట్టేసింది. చూద్దాం.

కేసు ఇదీ. నేను రెప్పల ఆపరేషన్ చేయించుకోబోతున్నాను. ఈ వయసులో సోకులేమిటని కొడుకు గోల. జనం నవ్వుతారట. ఆ జనం ఎవరో పేర్లు చెప్పరా అంటే చెప్పులేసుకుని బయటికి పోయాడు. రేపు ఎవరూ నన్ను సోకులాడి అనకుండా ఇది రాయిస్తున్నాను.

మా ఆయనది ఫోటో స్టూడియో. వయసులో ఉండగా గుర్తింపు కార్డు కోసం ఫోటో తీయించుకోవడానికి వెళ్ళి మొగుణ్ణి తెచ్చుకున్నాను. ఆ ఫోటో ఇప్పటికీ గోడ మీద ఉంది. ఇంతింత కళ్ళు. ఏడాదిగా ఆయనకు మతిమరుపు జబ్బు. కొడుకును గుర్తుపడతాడు. కోడల్ని ఒక్కోసారి. నన్ను మాత్రం మీరెవరండీ అంటాడు. ఏమోయ్ అని తప్ప పిలిచి ఎరగనివాడు అండీ అంటుంటే ఒళ్ళు మండిపోతుంది. పైగా ఆ ఫోటో నాకే చూపించి, మా ఆవిడండీ, బజారుకెళ్ళింది, వచ్చేస్తుంది అంటాడు.

అద్దంలో చూసుకున్నాను. రెప్పలు తడిసిన పరదాల్లా కళ్ళ మీదికి దిగిపోయాయి. ఇంక ఆయన మాత్రం ఎలా పోల్చుకుంటాడు? పరదాలు ఎత్తించాలి. ఆయన నన్ను పోల్చుకోవాలి. అంతే నా కేసు.

మార్చి 6

డాక్టరమ్మది మా కోడలి వయసు. ఫోటో ఆవిడ బల్ల మీద పెట్టి, ఇలా చెయ్యమ్మా అన్నాను. చాలాసేపు దానివైపే చూసింది. ఎక్కువైన చర్మం తీసేస్తాను, మీ కళ్ళు మీకు బయటపడతాయి, కానీ ఇలాంటివి మాత్రం రావు అంది. ఎందుకు రావు, అవి నావే కదా అన్నాను. చిన్నగా నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మార్చి 11

కూర్చోబెట్టి, రెప్పల మీద పెన్నుతో గీతలు గీసింది. మా ఆయన కూడా ఫోటోల మీద ఇలాగే టచప్ చేసేవాడు, నాలుక కొస బయటపెట్టి. డాక్టరమ్మ పెట్టిందో లేదో తెలియదు, మాస్కు ఉంది. ఇంజెక్షన్ దగ్గర చుర్రుమంది. ఆ తరవాత ఏదో లాగుతున్నట్టు తెలిసింది గానీ నొప్పి లేదు. మెలకువగానే ఉన్నాను. కదలకండి, మాట్లాడకండి అన్నారు. కదలకుండా ఉండటం సులువే.

మార్చి 12

కళ్ళు వాచి మూసుకుపోయాయి. నోరు బాగానే పనిచేస్తోంది.

మార్చి 14, మధ్యాహ్నం

సన్న సందులోంచి లోకం కనబడుతోంది. బుగ్గల దాకా నల్లగా కమిలిపోయిందని కోడలు చెప్పింది. ఆయన నన్ను చూసి హడలిపోయాడు. ఎవరు కొట్టారండీ అన్నాడు. ఎవరూ కొట్టలేదంటే నమ్మడే! కొడుకును పక్కకు పిలిచి, పాపం ఎవరో ఈ పెద్దావిణ్ణి చావబాదారురా, నువ్వు కాదు కదా అని అడిగాడట. అప్పుడు వాడి మొహం చూడాల్సింది. నాకు సరిగ్గా ఆనలేదు.

ఐస్ ప్యాక్ కోడలి చేతిలోంచి తీసుకుని తనే పట్టుకున్నాడు. దానికి గుడ్డ చుట్టి, ఆనీ ఆననట్టు. చెయ్యి లాగితే ఆ చేతిలోంచి ఈ చేతికి మార్చుకున్నాడు. ఎవరో తెలియని మనిషికి. నాకు ఏడుపొచ్చింది. కుట్లు తడుస్తాయని ఆపుకున్నాను.

మార్చి 18

కుట్లు తీశారు. తల ఎత్తకుండానే గోడ గడియారం కనబడింది. మా ఇంట్లో పైన ఇంత బూజు ఉందని ఇప్పుడే తెలిసింది. ఇది కూడా రాయవే అన్నాను. రాసింది. దులుపుతానని మాత్రం అనలేదు.

మార్చి 27

వాపు బాగా దిగింది. తల దువ్వుకుని, గోడ మీది ఫోటో తీసి ఒళ్ళో పెట్టుకుని ఆయన ఎదురుగా కూర్చున్నాను. చూసి చెప్పండి, నేనెవరు అన్నాను.

నన్ను చూశాడు. ఫోటో చూశాడు. ఈవిడ మా ఆవిడండీ, మీరు కాదు అన్నాడు.

కళ్ళు చూడండి, కళ్ళు, అని అరిచాను.

కళ్ళా, అవి నేను గీసినవేనండీ అన్నాడు. లైటు పడితే చాలు, కళ్ళు మూసేసేదట. ఎన్నిసార్లు తీసినా అంతేనట. ఇంక ఫిల్ము అయిపోతుందని, మూసిన రెప్పల మీదే కళ్ళు వేసేశాడట. ఆవిడకు చెప్పకండి బాబూ, తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తుంది అన్నాడు.

ఇన్నేళ్ళూ అవి నావే అనుకున్నాను. లేని కళ్ళ కోసం ఉన్న రెప్పలు కోయించుకున్నాను.

మార్చి 28

అత్తయ్య ఇవాళ ఏమీ చెప్పలేదు. నేనే రాస్తున్నాను. బూజు దులిపాను.

ఏప్రిల్ 2

పొద్దున్న ఆయనే వచ్చి పిలిచాడు. ఏమండీ, కాస్త కిటికీ దగ్గర కూర్చుంటారా అని. వెళ్ళి చూస్తే ఫోటో ఫ్రేములోంచి బయటికి తీసి ఉంది. పక్కన ఆయన పాత రంగుల డబ్బా, బ్లేడు, సన్న కుంచె. ఉన్న ఒక్క ఫోటో పాడుచేస్తాడని కొడుకు లాక్కోబోయాడు. ముట్టుకుంటే చెయ్యి విరగ్గొడతానన్నాను.

బ్లేడు కొసతో పాత కళ్ళు గీకేశాడు. అప్పుడీవిణ్ణి సరిగ్గా చూడలేదండీ, సిగ్గేసింది అన్నాడు. ఏదో ఉజ్జాయింపుగా వేసేశాను, మొన్న మీ కళ్ళు చూశాక తప్పు తెలిసింది, ఆవిడవి అచ్చం ఇలాగే ఉంటాయి అన్నాడు.

నన్ను చూడటం, కుంచె పెట్టడం. మళ్ళీ చూడటం. నాలుక కొస బయటపెట్టి. రెప్ప మీద మడత వేశాడు, కింద ముడతలూ వేశాడు. పడుచుపిల్ల మొహంలో నా ముసలి కళ్ళు. చెయ్యి వణికి ఎడమది కాస్త కిందికి జారింది. నాదీ ఎడమది కాస్త కిందికే ఉంది. పోను పోను సర్దుకుంటుందని డాక్టరమ్మ అంది. అక్కర్లేదు, ఉండనీ.

నన్ను ఇంతసేపు ఎవరూ చూడలేదు. పెళ్ళయిన కొత్తలో ఆయన కూడా.

ఏప్రిల్ 3

కిటికీ దగ్గరే కూర్చున్నాను. మీరు రోజూ ఇక్కడికొచ్చి కూర్చుంటున్నట్టు మీ ఆయనకు తెలుసా అని మెల్లిగా అడిగాడు.

తెలుసన్నాను. ఏమీ అనుకోరన్నాను.

నా కేసు ఇంతే. నా ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు: కోడలు, రాసిన మనిషి. కొడుకు. మూడో ఆయన సంతకం పెట్టి, కింద ‘ఫోటో తీసినవాడు’ అని తనే రాసుకున్నాడు.